ఎండుటాకు చప్పుడు

సైకో సినిమా అనగానే ఇంట్లో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. నలుగురు కుర్రాళ్లు, ఇద్దరమ్మాయిలు కారేసుకుని అడవిలో గెస్ట్‌హౌస్‌కి పోతారు, ముసుగేసుకున్నవాడెవడో ఒక్కొక్కరినే నరుక్కుంటూ వస్తాడు, తెల్లారేసరికి ఒక్క పిల్ల మిగులుతుంది. ఇంతేగదా, దీనికో వ్యాసం కూడానా అంటారు. నిజమే, కథ ఇంతే. ఆటవెలదికి గణాలెన్నో అందరికీ తెలుసు. ఆ కొలతలోనే వేమన చెప్పిన పద్యం వందల ఏళ్లు బతికింది, అదే కొలతలో నిన్న ఎవరో కట్టిన పెళ్లిపద్యం విందు ముగిసేలోపు మరుపున పడింది. కొలత తెలిసిపోయిందని పద్యాన్ని ఎవరూ తీసిపారేయరు, అందులో ఏం నింపారో చూస్తారు. ఈ సినిమానూ అలాగే చూడాలి. పేరులేని నటులు, ఇరవై రోజుల షెడ్యూల్, అద్దెకు తెచ్చిన కెమెరా, నిర్మాత దగ్గర అయిపోవచ్చిన డబ్బు: వీటినే అందరూ దీని లోపాలుగా లెక్కేస్తారు. ఆ లెక్క తప్పని నా వాదన. ఈ రకం సినిమాకి పేదరికం ఆయువుపట్టు. మనవాళ్ల సినిమాలు చాలావరకు చెడుతున్నది నిలబడ్డ నేలను చూసుకోకపోవడం వల్ల. ఖమ్మం దాటి, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరి, అక్కడి నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కే దారి పొడవునా ఉన్న అడవిని ఎదురుగా పెట్టుకుంటే ఈ మాట రుజువు చేయడం కష్టం కాదు.

ముందు పరాయిదేశపు పనితనం చూద్దాం, చిన్న డబ్బుతో పెద్ద భయం పుట్టించే విద్యలో వాళ్లు గట్టివాళ్లు కనుక. 1960లో హిచ్‌కాక్ ‘సైకో’ తీసినప్పుడు తన పెద్ద సినిమాల బృందాన్ని పక్కనపెట్టి, టీవీ సీరియల్‌కి పనిచేసేవాళ్లనే తెచ్చుకుని, నలుపు తెలుపులో, దాదాపు 8 లక్షల డాలర్లలో ముగించాడు. స్నానాలగదిలో కారిన రక్తం చాక్లెట్ సిరప్. 1974లో టోబీ హూపర్ తీసిన ‘ది టెక్సాస్ చైన్‌సా మ్యాసకర్’ చూసొచ్చినవాళ్లు రక్తం ఏరులై పారిందని ఒట్టేసి చెబుతారు. మళ్లీ చూడండి. తెర మీద రక్తం చాలా తక్కువ. రంపం మోత ఉంది, గదినిండా ఈకలూ ఎముకలూ ఉన్నాయి, మాడ్చేసే టెక్సాస్ ఎండ ఉంది, మిగిలినదంతా చూసేవాడి బుర్ర పోసుకున్న రక్తం. ఇక ఈ కుదురుకే మూలవిరాట్టు లాంటిది జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’. 1978లో, మూడు లక్షల డాలర్ల పైచిలుకు ఖర్చుతో, ఇరవై రోజులకు అటూఇటూగా తీసిన సినిమా. హంతకుడి ముసుగు రెండు డాలర్ల లోపు ధరకి కొన్న ఒక టీవీ కథానాయకుడి బొమ్మ మొహం. దానికి తెల్లరంగు కొట్టి, కళ్లరంధ్రాలు పెద్దవి చేశారు. మనుషుల ఊహ ఎంత అగ్గువకి దొరుకుతుందో చూడండి! సంగీతం దర్శకుడే మూడు రోజుల్లో కట్టేశాడు, అయిదు మాత్రల నడకలో. ఖండచాపు తెలిసిన మన చెవికి ఆ కుంటినడక ఎందుకంత గుబులు పుట్టిస్తుందో చెప్పనక్కర్లేదు, నాలుగో అడుగుకి సర్దుకుందామనుకున్న కాలు ఎప్పుడూ సర్దుకోదు. 

అయితే ‘హాలోవీన్’లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఆకులు. కథ జరిగేది అక్టోబర్ చివర, అమెరికా మధ్యప్రాంతపు ఊళ్లో, ఆకురాలే కాలంలో. తీసింది కాలిఫోర్నియాలో, వసంతంలో, చెట్లన్నీ పచ్చగా కళకళలాడుతున్నప్పుడు. ఆ బృందం ఎండుటాకులకి రంగులేసి, వీధిలో చల్లి, షాట్ అయ్యాక మళ్లీ ఏరి సంచుల్లో ఎత్తుకుని, ఇంకో వీధిలో చల్లింది. కొనడానికి డబ్బు లేదు కాబట్టి ఆకుని కూడా దాచుకున్నారు. ఇటలీలో మారియో బావా 1971లో ‘ఎ బే ఆఫ్ బ్లడ్’ తీస్తున్నప్పుడు, కథ ప్రకారం దట్టమైన చెట్లుండాల్సిన చోట చెట్లే లేకపోతే, నాలుగు కొమ్మలు తెప్పించి కెమెరా ముందు ఆడించి అడవి పుట్టించాడు. ట్రాలీ బదులు పిల్లలాడుకునే తోపుడుబండి. శామ్ రైమీ ‘ది ఈవిల్ డెడ్’లో అడవిలోంచి ఏదో దూసుకొస్తున్నట్టు కనిపించే ఆ షాట్‌లకి వాడింది ఒక చెక్కపలక, మధ్యలో కెమెరా బిగించి, రెండు కొసలా ఇద్దరు పట్టుకుని పరుగెత్తారు. తాళ్లతో, తెరలతో, దీపాలతో ఘటోత్కచుణ్ణి గాల్లోకి లేపిన సురభి నాటకాలవాళ్లు ఇదంతా వింటే ఇందులో వింతేముంది అని నవ్వుతారు.

ఈ ఉదాహరణల్లోంచి ఒక సూత్రం తేలుతుంది. డబ్బున్న సినిమా చూపిస్తుంది, డబ్బులేని సినిమా దాస్తుంది. భయమనేది దాచినదాంట్లోనే పుడుతుంది. రాక్షసుణ్ణి కట్టడానికి గ్రాఫిక్స్‌కి డబ్బు లేనివాడు తలుపు సందులో ఒక నీడతో సరిపెట్టుకుంటాడు, ఆ నీడే చూసేవాణ్ణి ఇంటిదాకా వెంబడిస్తుంది. వంద దీపాలు పెట్టలేనివాడు ఒక్క దీపం పెడతాడు, వెలుగు అంచు దాటిన చోట ఏముందో అన్న ప్రశ్న ఉచితంగా వస్తుంది. పెద్ద హీరో లేకపోవడం కూడా లాభమే. ఎవరు ముందు చస్తారో, ఎవరు మిగులుతారో పోస్టర్ చూసి చెప్పలేం. కనుక ఈ సినిమాకి ఉన్న అసలు పెట్టుబడి మూడే: ఒక చోటు, ఆ చోటుకి ఉన్న చప్పుడు, ఆ చోటుకి ఉన్న చీకటి. ఈ మూడూ బజార్లో కొనేవి కావు. కూర్చుని చూడాలి, చెవొగ్గి వినాలి.

ఇదంతా దిగుమతి సరుకు, మన మట్టిలో దీనికి వేరులేదు అనే వాదన ఒకటుంది. ఆ మాట అనేవాళ్లకి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని గుర్తుచేయాలి. అద్దెపుస్తకాల దుకాణాల్లో అట్టలు నలిగిపోయేదాకా తిరిగిన ఆ నవలల్లో చీకటి మేడలూ, వరుస హత్యలూ మనకి ఏనాడో అలవాటు. యండమూరి ‘తులసిదళం’ వారం వారం చదివి దీపమార్పడానికి జంకిన తరం ఇంకా మన మధ్యే ఉంది. తమాషా ఏమిటంటే, ‘హాలోవీన్’ అమెరికాలో విడుదలైన 1978 అక్టోబర్ నెలలోనే మద్రాసులో భారతీరాజా ‘సిగప్పు రోజాక్కళ్’ వచ్చింది. ఒకదాన్ని చూసి ఇంకొకటి తీసే వ్యవధే లేదు. ఆ మరుసటేడు అదే మనకి ‘ఎర్ర గులాబీలు’ అయింది. కమల్‌హాసన్ చిరునవ్వు, ఇళయరాజా వాయిద్యాలు, గులాబీతోట కింద ఏముందో తెలిశాక ఆ పూలని చూడబుద్ధి కాకపోవడం: ఇవి ఎవరి దగ్గరా అప్పుతెచ్చినవి కావు. ఇంకా వెనక్కిపోతే, ఈ కథకి మన పేరు పొలిమేర కథ. పొలిమేర దాటొద్దని పెద్దాయన చెబుతాడు, కుర్రాళ్లు నవ్వి దాటతారు, దాటినవాళ్లలో ఒకరే తిరిగొస్తారు. కొరివిదెయ్యం కథ కూడా ఇదే కొలతలో ఉంటుంది. పొలిమేరలో ముత్యాలమ్మని నిలుపుకున్న జాతికి గీత దాటడమంటే ఏమిటో హాలీవుడ్ నేర్పలేదు.

ఇక మన అడవి సినిమాకి వద్దాం. 1985లో వచ్చిన వంశీ ‘అన్వేషణ’ పేరు చెప్పకుండా తెలుగులో ఈ సంగతి మాట్లాడడం అపచారం. అడవిలో మనుషులు చచ్చిపోతుంటారు, పులి చంపుతోందనుకుంటారు. పక్షుల కూతల్లో సంగీతం వెతుక్కుంటూ ఒక అమ్మాయి అదే అడవికి వస్తుంది. ఈ రెండు వాక్యాలని పక్కపక్కన పెట్టడమే ఆయన ప్రతిభ! నెమలి కూతలో షడ్జమం, కోకిల కూతలో పంచమం ఉన్నాయని చెప్పుకునే మన పాత సంగీతశాస్త్రపు ముచ్చటని తీసుకుని, దాన్ని హత్యల కథలో పెట్టి, చెవొగ్గి వినడాన్నే కథకి ఇరుసు చేశాడు. భానుప్రియ చెట్ల మధ్య నిలబడి వింటున్నంతసేపూ మనమూ వింటాం. వింటున్నప్పుడు పక్షి కూత ఆగిపోతే అది సంగీతం ఆగడమా, ఎవరో వస్తున్నారని పక్షి చెప్పడమా అన్న సందేహం మనకి వస్తుంది. ఇళయరాజా పాటల గురించి అందరూ చెబుతారు. పాటలు లేనిచోట ఆయన ఎక్కడ వాయించకుండా ఊరుకున్నారో లెక్కపెట్టేవాళ్లు తక్కువ. ఎం.వి. రఘు కెమెరా ఆకుల సందుల్లోంచి మనుషుల్ని చూస్తుంది, ఎవరి కళ్లతో చూస్తున్నామో చెప్పదు. సత్యనారాయణ, శరత్‌బాబు, రాళ్లపల్లి లాంటి అలవాటైన మొహాలే అడవి వెలుగులో అనుమానంగా కనిపిస్తాయి. అడవి అక్కడ వెనకతెర కాదు, మొదటి ముద్దాయి. పసలపూడి మనిషి, గోదారి గాలి పీల్చినవాడు, ఈ సినిమా కోసం చిత్తూరు వైపు తలకోన అడవులకి పోయాడన్నది మాత్రం ఈ భద్రాద్రి వైపు వాళ్లకి ఇప్పటికీ చిన్న వెలితి. అదే గోదారికి ఎగువన పాపికొండల్లో తీసి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకుని తృప్తిపడాల్సిందే.

రాంగోపాల్ వర్మ అభిమానులు ఇక్కడ అడ్డుపడతారని తెలుసు. ‘రాత్రి’ (1992)లో నేలను రాసుకుంటూ పోయే ఆ కెమెరా, మణిశర్మ నేపథ్య సంగీతం, రేవతి కళ్లు: ఇవి మన భయానక చిత్రాలకి కొత్త వ్యాకరణం నేర్పాయని ఒప్పుకోకపోతే పాపం. కానీ అడవి విషయంలో నేను వంశీ పక్షమే. వర్మ 2009లో ‘అడవి’ అనే పేరుతోనే సినిమా తీశారు. షూటింగ్‌కి వచ్చిన సినిమా బృందాన్ని అడవిలో ఏదో ఒక్కొక్కరిగా చంపుతుంది, అదేమిటో చివరిదాకా చూపించరు. అచ్చమైన సైకో సినిమా కొలత, దాచడంలో మంచి పట్టుదల. కానీ శ్రీలంకలో తీసిన ఆ అడవికి పేరు లేదు, చెట్టుకి పేరు లేదు, కాలం లేదు. కెమెరా ఎంత పరుగెత్తినా ఎక్కడ పరుగెడుతున్నదో తెలియదు కనుక ఎవరు ఎంత దూరం పారిపోయారో మనకి పట్టదు. దీనికంటే ఎన్నో రెట్లు తక్కువ హంగుతో 2005లో శేఖర్ సూరి తీసిన ‘ఎ ఫిల్మ్ బై అరవింద్’ మెరుగు. ఎవరో పంపిన స్క్రిప్టులో రాసింది రాసినట్టు జరుగుతుంటే, మిగిలిన పేజీలు తిప్పడానికే భయం వేస్తుంది. కాగితం తిప్పడంతో భయపెట్టినవాడికి దండం పెట్టాలి. రవిబాబు సంగతి వేరే చెప్పాలి. ‘అనసూయ’, ‘అమరావతి’లలో హంతకులతో, ‘అవును’లో ఒక ఇల్లూ, పూర్ణ మొహమూ, కనిపించని దెయ్యంతో ఆయన సాధించింది పెద్ద నిర్మాణసంస్థల గుండెధైర్యానికి అందనిది. ‘అమరావతి’లో తారకరత్నకి ఉత్తమ ప్రతినాయకుడిగా నంది వచ్చింది. ఈ మధ్య ‘మసూద’, ‘మా ఊరి పొలిమేర’ కూడా పెద్ద మొహాలు లేకుండానే జనాన్ని కూర్చోబెట్టాయి. ‘పొలిమేర’లో, కమెడియన్‌గా ముద్రపడ్డ సత్యం రాజేశ్‌ని నమ్మి కథ మోయించడమంటే మాటలు కాదు.

ఇప్పుడు మన అడవి. పెద్ద సినిమాలకీ ఇది తెలిసిన చోటే, ‘పుష్ప’ చాలావరకు మారేడుమిల్లి చెట్ల మధ్య తయారైంది. చిన్న నిర్మాతలకి ఇది ఇంకా అనువు. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి గోదారి ఒడ్డు, బ్యాటాలు తప్ప పెద్ద ఖర్చు లేదు. కానీ వాళ్లు తీసుకెళ్లేది ఏమిటి? దట్టమైన కారడవి అని తెర మీద రాసి చూపించేది చాలాసార్లు జామాయిల్ తోట. సారపాక కాగితం మిల్లు కోసం రైతులు పెంచుకునే తోట అది. దారం పట్టి నాటినట్టు వరసలు, వరసల మధ్య ఎద్దుల అరక తోలవచ్చు. అందులో హంతకుడు దాక్కోవడం మాట అటుంచి, మేకపిల్ల తప్పిపోవడం కూడా కష్టం. కొత్తగూడెంలోనో ఇల్లెందులోనో టికెట్ కొన్నవాడు అక్కడే నవ్వేస్తాడు. నిజమైన అడవి పక్కనే ఉంది. టేకు, మద్ది, తునికి, ఇప్ప, వెదురు. ఈ చెట్లు ఒక్కో నెలలో ఒక్కో సినిమా ఇస్తాయి. మాఘం దాటాక టేకు ఆకు రాలుస్తుంది. విస్తరంత ఆకు, ఎండి అప్పడమవుతుంది. మార్చిలో ఆ నేల మీద చప్పుడు కాకుండా నడవడం మనిషితరం కాదు. మన సినిమాల్లో ముసుగువాడు అదే నేల మీద పిల్లిలా వెనక్కొచ్చి నిలబడతాడు! ఎంత దుబారా. ఆ ఎండుటాకుని నమ్ముకుంటే కథ మొత్తం మారిపోతుంది. పిల్ల కదిలితే వాడికి తెలుస్తుంది, వాడు కదిలితే పిల్లకి తెలుస్తుంది. ఇద్దరూ చెట్టుకొకరు ఆనుకుని, ఊపిరి బిగపట్టి, ఎవరు ముందు అడుగేస్తారా అని రాత్రంతా నిలబడాలి. దీనికయ్యే ఖర్చెంత? అదే అడవి ఆషాఢంలో తిరగబడుతుంది. పొదలు నడుమెత్తు లేస్తాయి, టేకాకు మీద వాన డప్పులా మోగుతుంది, కేకేసినా పక్కవాడికి వినపడదు. ఎండాకాలపు అడవి చెవితో ఆడే ఆట, వానాకాలపు అడవి కంటితో ఆడే ఆట. ఈ తేడా తెలిసిన దర్శకుడు ఒకే కథని రెండు నెలల్లో రెండు సినిమాలుగా తీయగలడు.

మనవాళ్లు చేస్తున్నది చూస్తే కడుపు మండుతుంది. మొదట పొగ. మే నెల మిట్టమధ్యాహ్నం నలభై డిగ్రీల ఎండలో టేకువనంలోకి పొగమంచు ఎక్కడి నుంచి వస్తుందో ఆ పొగ మిషన్‌కే తెలియాలి. తర్వాత నీలం. జనరేటర్ అద్దె మిగల్చడానికి పగలు తీసి, తర్వాత రంగులు దిద్దేచోట నీలం పులిమి రాత్రి అంటారు. ఆకుల నీడలు మాత్రం నిటారుగా కింద పడుతుంటాయి. డబ్బు లేకపోతే రాత్రిని అలా చూపించక తప్పదంటారా, అయితే కథని తెల్లవారుజాముకో మసకచీకటికో జరుపుకోండి, ఎవరొద్దన్నారు? తర్వాత నేపథ్య సంగీతం. ఆకు కదిలితే డ్రమ్ము, తలుపు కదిలితే వయొలిన్లు, పిల్లి దూకితే పిడుగు. నిశ్శబ్దానికి రీరికార్డింగ్ థియేటర్ అద్దె ఉండదని వీళ్లకి ఎవరు చెప్పాలి. లొకేషన్‌లో చప్పుడు రికార్డు చేసుకునే అలవాటే లేదు కనుక, భద్రాచలం అడవిలో ఏ దేశపు కీచురాయో లైబ్రరీ సీడీలోంచి అరుస్తుంటుంది. మధ్యలో కామెడీ ట్రాక్, జబర్దస్త్ మొహాలు రెండు. ఇంటర్వెల్‌కి ముందు ఒక పాట. చివరి ఇరవై నిమిషాల్లో హంతకుడి చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్, అది కూడా సరిపోదేమోనని ఒక దెయ్యం. దాచినంతసేపు నిలబడిన భయాన్ని వివరించి చంపేస్తారు. ఇది చవక సినిమా కాదు. చవక మనసు.

అన్నిటికంటే హెచ్చు నేరం అడవి మనుషుల్ని చూపించే తీరు. ఈకల కిరీటం, ఆకుల లుంగీ, మెడలో ఎముకలు, నోట అర్థంలేని కూతలు, చేతిలో బరిసె: ఇదీ మన చిన్న సినిమా గిరిజనుడు. ఖమ్మం, భద్రాచలం మన్యంలో కోయలున్నారు, కొండరెడ్లున్నారు. వాళ్లకి పొలాలున్నాయి, బడులున్నాయి, సెల్‌ఫోన్లున్నాయి, తునికాకు కట్టకి రేటు ఎంతో బేరమాడే నోరుంది. కొమ్ములు పెట్టుకుని ఆడే వాళ్ల నాట్యానికి ఒక వేళ, ఒక మర్యాద ఉన్నాయి. అది అమ్మాయిని చెట్టుకి కట్టేసి చుట్టూ ఎగిరే తంతు కాదు. గూడెం చూపించాలనగానే ఆఫ్రికా డ్రమ్ముల లూప్ వేసేవాళ్లకి, మణుగూరు దగ్గరి కూనవరంలో సకిని రామచంద్రయ్య అనే పెద్దాయన ఉండేవారని తెలుసా? కంచుమేళంతో, డోలితో, కోయ భాషలో సమ్మక్క సారలమ్మల కథ పాడిన కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆ కంచు మీద పడ్డ దెబ్బ చెవిలో ఎంతసేపు నిలుస్తుందో ఒక్కసారి విన్న సంగీత దర్శకుడు మళ్లీ లూపుల జోలికి పోడు. పైగా చేతబడి. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్నే చంపిన వార్తలు ఈ ఏజెన్సీ నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. అలాంటి చోట, క్షుద్రపూజ నిజంగా పనిచేస్తుందని తెర మీద ఒట్టేసి చెప్పడం ఆటలు కాదు. ‘పొలిమేర’ కథల బిగువుని మెచ్చుకుంటూనే ఈ ఫిర్యాదు వాటి మీద కూడా చేస్తున్నాను. భయపెట్టండి, కానీ ఆ భయం తెల్లారి ఎవరి గుమ్మం ముందు వాలుతుందో కూడా చూడండి.

ఇక్కడ తెలివైన పాఠకుడు నన్ను నా మాటతోనే పట్టుకోవచ్చు. ‘హాలోవీన్’ ఆకులు రంగేసినవే కదా, బావా అడవి నాలుగు కొమ్మలే కదా, మరి జామాయిల్‌ని కారడవి అంటే తప్పేమిటి, హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో టేకుకీ జామాయిల్‌కీ తేడా ఎవడికి తెలుసు అని. గట్టి ప్రశ్నే. ‘హాలోవీన్’లో కొన్ని చోట్ల వెనకాల కాలిఫోర్నియా తాటిచెట్లు కూడా దొరికిపోతాయి. కానీ గమనించండి, ఆ బృందానికి ఆ ఊళ్లో, ఆ నెలలో, ఆ వీధిలో ఎండుటాకు ఉండి తీరాలని తెలుసు. అది లేకపోతే ఆ సాయంత్రం అబద్ధమవుతుందని తెలిసింది కనుకే డబ్బు లేకపోయినా కూర్చుని రంగేశారు. తెలిసి చేసిన నకిలీ అది. బావాకి చెట్టుకొమ్మ కెమెరాకి ఎంత దగ్గరగా ఉంటే అడవి ఎంత లోతవుతుందో తెలుసు. మనవాళ్లు నిజమైన అడవి నడిబొడ్డున నిలబడి, దానివైపు వీపు తిప్పి, పొగ మిషన్ ఆన్ చేస్తున్నారు. అక్కడ నకిలీ ఆకుతో నిజం పుట్టింది, ఇక్కడ నిజమైన ఆకుతో నకిలీ పుడుతోంది. చూసేవాడికి చెట్టు పేరు తెలియకపోవచ్చు. చెవికి మాత్రం తెలుస్తుంది, వెన్నుకి తెలుస్తుంది.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. ఈ సినిమాలు ఆడపిల్లల్ని చంపి చూపించి సొమ్ముచేసుకుంటున్నాయన్నది. దీన్ని తోసిపుచ్చలేను. నేను నెత్తిన పెట్టుకున్న ‘ఎర్ర గులాబీలు’ కూడా, ఆడవాళ్లు చెడ్డవాళ్లు కనుకే వీడు ఇలా అయ్యాడన్న ఫ్లాష్‌బ్యాక్‌తో హంతకుడికి వకాల్తా పుచ్చుకుంటుంది; ఎంత పనితనమున్నా ఆ మచ్చ మచ్చే. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది ఆ పనితనం వదిలేసి మచ్చ మాత్రం తీసుకున్నారు. అయితే ఈ కొలతలోనే దానికి విరుగుడు కూడా ఉంది. కరోల్ క్లోవర్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1987లో ఈ సినిమాల మీద రాస్తూ, చివర మిగిలే అమ్మాయికి ఒక పేరే పెట్టింది. మిగిలినవాళ్లు చూడనిది చూసేది, విననిది వినేది ఆమే, అందుకే బతుకుతుందన్నది ఆవిడ గమనింపు. మొదట్లో కత్తి పట్టినవాడి కళ్లతో చూసిన కుర్రకారు కూడా చివరికొచ్చేసరికి ఆ పిల్ల ఊపిరితో ఊపిరి పీలుస్తారు. మన భానుప్రియ వింటుంది. ‘అనసూయ’లో భూమికే కథ నడుపుతుంది. కానీ సగటు తెలుగు చిన్న సినిమాలో అంతా అయ్యాక పోలీసు హీరో జీపులో దిగి ఆ పిల్లని ఎత్తుకుపోతాడు. రెండు గంటలు ప్రాణాలుగ్గబట్టుకుని పోరాడింది ఆమె, చప్పట్లు వాడికి. ఆ జీపుని ఆపేస్తే డీజిల్ ఖర్చు కూడా మిగులుతుంది.

ఏం చేస్తాం, కామెడీ లేకపోతే కొనేవాడు లేడు, పాట లేకపోతే ఓటీటీవాడు రేటు పెంచడు అని నిర్మాతలు వాపోతారు. వాళ్ల కష్టం కాదనను. శుక్రవారం వచ్చి సోమవారానికి థియేటర్లోంచి పోయే సినిమాకి అప్పుతెచ్చినవాడి బాధ అప్పుతెచ్చినవాడికే తెలుస్తుంది. కానీ కలిపి ఉడికించిన ఆ సాంబారు కూడా ఆడడం లేదు కదా? ఆడిన చిన్న సినిమాల్ని వరసగా పెట్టి చూడండి, ప్రతిదాంట్లో ఒక చోటు మన కళ్లముందు నిలబడుతుంది: ఒక అడవి, ఒక ఇల్లు, ఒక పొలిమేర. అందుకే ఈ అడవిదారిన వచ్చే కుర్ర దర్శకులకి ఒక మనవి. పొగ మిషన్ అద్దె డబ్బుతో ఒక సౌండ్ రికార్డిస్టుని పదిరోజులు ముందు పంపండి. భద్రాచలంలో రూము తీసుకోండి. ఊరు దాటి నాలుగడుగులు వేస్తే ఎటపాక, 2014 తర్వాత అది ఇంకో రాష్ట్రం, గీత దాటడమంటే ఏమిటో అక్కడే తెలిసిపోతుంది. గూడెంలో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, ఏ వేళ ఎటు పోకూడదంటారో, ఎందుకంటారో అడగండి. అటవీశాఖ అనుమతి ఇచ్చినంతమేరకే, ఇచ్చిన వేళల్లోనే తీయండి, తెల్లవారుజాము చాలు.

ఎందుకంటే ఇప్పపువ్వు రాలేది అప్పుడే. మార్చి, ఏప్రిల్ నెలల్లో మసకచీకట్లోనే ఆడవాళ్లు గంపలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. పువ్వు కండగా ఉంటుంది, రాలితే మెత్తగా, చిన్నగా చప్పుడవుతుంది. ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకంతా ముందే ఊడ్చి, కాల్చి, నేల శుభ్రం చేసిపెడతారు. ఎలుగుబంటికి కూడా ఇప్పపువ్వంటే ప్రాణం, ఆ వేళకే వస్తుంది. అందుకే ఒకరికొకరు పిలుచుకుంటూ ఏరతారు. ఎండాకాలపు అడవి మొత్తం మీద, అడుగేస్తే చప్పుడు కాని చోటు ఆ చెట్టు కిందే. పిలిస్తే అటువైపు నుంచి పలికే గొంతు ఈసారి పలకలేదు. పువ్వులు ఏరుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.